బాస్ ఇంటి బిల్లులు మీ లాగిన్‌లో ఎందుకు?

మీరు రాసింది ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. కేపీహెచ్‌బీలో కాపురం, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక సీనియర్ మేనేజర్ దగ్గర నాలుగున్నరేళ్లుగా పీఏ ఉద్యోగం. ఆయన ఏనాడూ హద్దు మీరి మాట్లాడలేదు, కానీ పొద్దున ఆరింటి నుంచి రాత్రి పదకొండు దాకా ఫోన్లే. వాళ్లబ్బాయి స్కూల్ ఫీజు, వాళ్లమ్మగారి మందులు, గ్యాస్ బుకింగ్ అన్నీ మీ మీదే. మేడమ్ ఫోన్ చేస్తే సార్ మీటింగ్‌లో ఉన్నారని చెప్పాలి. మొన్న రాత్రి అన్నాల దగ్గర మీవారు 'కాపురం చేసేది నాతోనా, మీ సార్ ఫోన్‌తోనా' అన్నారు. ఉద్యోగం మానేయాలా అని మీ ప్రశ్న.

మానేసే సంగతి తర్వాత. చివర్లో ఒక్క ముక్క రాసి వదిలేశారు చూడండి, సార్ అప్పుడప్పుడు ఇంటివాళ్ల హోటల్ బిల్లులు, క్యాబ్ బిల్లులు కూడా టూర్ క్లెయిమ్‌లో (ఆఫీసు ప్రయాణ ఖర్చులు కంపెనీ నుంచి రాబట్టుకునే బిల్లులో) కలిపేయమంటారని, 'అది అన్ని చోట్లా మామూలే కదా' అని. నాకు గుండె గుభేలుమంది అక్కడే. క్లెయిమ్ ఆయనదే, డబ్బు ఆయన ఖాతాలోకే పోతుంది, కానీ బిల్లు స్కాన్ చేసి ఎక్కించింది మీ లాగిన్, పక్కన 'క్లయింట్ డిన్నర్' అని టైప్ చేసింది మీరు. రేపు ఆడిట్‌వాళ్లు అడిగితే 'నేను చూసుకోలేదండీ, అవన్నీ మా పీఏ చూస్తుంది' అనడానికి ఆయనకు అర నిమిషం పట్టదు. ఆయన మంచివాడే కావచ్చు, ఉద్యోగం మీదకు వచ్చినప్పుడు ఎంత మంచివాళ్లయినా ముందు తమను తామే కాపాడుకుంటారు.

కాబట్టి ఈ నెల నుంచే ఆపేయండి. గొడవ అక్కర్లేదు, ఒక చిన్న మెయిల్ చాలు: 'సార్, ఈ రెండు బిల్లులు టూర్‌కు సంబంధించినవి కావు, క్లెయిమ్‌లో పెట్టడం లేదు, మీ పర్సనల్ ఫైల్‌లో ఉంచాను.' నోటితో చెప్పకండి, రాయండి. ఆయన వాట్సాప్‌లో పంపిన పాత మెసేజ్‌లు డిలీట్ చేయకండి. అలాగని కంపెనీ కాగితాలు ఇంటికి మోసుకెళ్లకండి, అది ఇంకో తలనొప్పి. అయినా పెట్టాల్సిందేనని పట్టుబడితే హెచ్ఆర్ ఉంది. మీది లిస్టెడ్ కంపెనీ (షేర్లు స్టాక్ మార్కెట్‌లో ఉన్నది) అయితే ఇలాంటివి చెప్పుకోవడానికి ఒక ఏర్పాటు ఉండి తీరాలని 2013 కంపెనీల చట్టమే చెబుతోంది.

మేడమ్ విషయం సులువు. 'సార్ ఇప్పుడు లైన్‌లోకి రాలేరండీ, మీరు చేశారని చెప్తాను' అనండి, అంతే. ఆయన ఎక్కడున్నారన్నది వాళ్లిద్దరి మధ్య విషయం, మధ్యలో మీరెందుకు అబద్ధం మోయడం?

ఇక ఫోన్లు. పీఏ పనిలో వేళాపాళా ఉండదు, అది ఒప్పుకుందాం. శంషాబాద్‌లో ఫ్లైట్ క్యాన్సిల్ అయితే రాత్రి పన్నెండింటికైనా ఎత్తాల్సిందే. కానీ రేపటి మీటింగ్ ఎన్నింటికి అని పదకొండింటికి అడగడం అవసరం కాదు, అలవాటు. మీరు మొదటి రింగుకే ఎత్తి ఆ అలవాటును పెంచారు కూడా. సాయంత్రం బయల్దేరే ముందు పది నిమిషాలు ఆయన ముందు కూర్చుని మర్నాటి షెడ్యూల్, టికెట్లు, కారు అన్నీ చెప్పేసి, 'తొమ్మిది తర్వాత అర్జెంట్ అయితేనే కాల్ చేయండి సార్, మిగతావి మెసేజ్ పెట్టండి, పొద్దున్నే చూస్తాను' అనండి. తెలంగాణ షాపులు, సంస్థల చట్టం (1988) వారానికి 48 గంటలే అంటుంది, దాటితే ఆ అదనపు గంటలకు రెట్టింపు జీతం అంటుంది. చట్టం పట్టుకుని బాస్ గదిలోకి వెళ్లమని చెప్పను, కానీ మీరు అడిగేది దయాదాక్షిణ్యం కాదని మీకు తెలియాలిగా.

మీవారి మాట తప్పే, ఆ మాట బాధ పెట్టిందని ఆయనకు చెప్పండి. అయితే అది అనుమానమా, అలకా? మీరు రాసినదాన్ని బట్టి నాకు అలకలాగే అనిపించింది. సార్ ఇంట్లో సిలిండర్ ఎప్పుడు అయిపోతుందో మీకు తారీఖుతో సహా తెలుసు, మీ ఇంట్లో మాత్రం పాలు స్టవ్ మీద ఉండగా మంట ఆరిపోతేనే గుర్తొస్తుందని మీరే రాశారు. ఇంట్లో ఉన్న మనిషికి అది కనిపించదా? (మన సిలిండర్ ఆయన బుక్ చేయకూడదా అని మీరు అడగొచ్చు, అడగండి, తప్పేం లేదు.) అన్నాల వేళ ఫోన్ వేరే గదిలో పెట్టండి. బిల్లుల సంగతి కూడా ఆయనతో చెప్పండి, మీ టెన్షన్ దేనికో ఇంతవరకూ ఆయనకు తెలియదు. నమ్మకం కోసమని ఫోన్ తీసి ఆయన చేతిలో మాత్రం పెట్టకండి, ఈ రోజు ఇస్తే రోజూ ఇవ్వాలి.

ఇప్పుడు ఉద్యోగం. కోపంలో రాజీనామా వద్దు. ఇంకో ఆరు నెలలుంటే ఐదేళ్లు నిండుతాయి, గ్రాట్యుటీ (ఉద్యోగం మానేటప్పుడు సర్వీసును బట్టి కంపెనీ ఇచ్చే డబ్బు) చేతికొస్తుంది, దాన్ని ఎందుకు వదులుకోవడం? ఈలోగా అదే కంపెనీలో అడ్మిన్‌లోనో ట్రావెల్ డెస్క్‌లోనో ఖాళీ ఉందేమో కనుక్కోండి, బయట ఎగ్జిక్యూటివ్ అసిస్టెంట్ పోస్టులకు రెజ్యూమె పంపుతూ ఉండండి. బిల్లుల విషయంలో ఆయన మీ మీద ఒత్తిడి పెంచితే మాత్రం ఆరు నెలలు ఆగొద్దు, గ్రాట్యుటీ పోతే పోనివ్వండి.