చలి మొదలవగానే ముక్కు కారితే అలర్జీనా, సైనస్ ఇన్ఫెక్షనా?

"ఏటా చలి మొదలవగానే ముక్కు కారుతుంది, తుమ్ములు ఆగవు, తల బరువుగా ఉంటుంది. ఇది అలర్జీనా, సైనస్ ఇన్ఫెక్షనా? డాక్టర్ దగ్గరికి వెళ్ళకముందే తెలుసుకోగలమా?" అని అడిగారు. చాలావరకు తెలుసుకోవచ్చు.

ముందు దురద ఉందేమో చూడండి. ముక్కు లోపల, కళ్ళలో, అంగిట్లో, చెవుల్లో దురద పెడుతోందంటే అది చాలావరకు అలర్జీయే. ఇన్ఫెక్షన్‌లో నొప్పి ఉంటుంది, బరువు ఉంటుంది గానీ ఈ దురద సాధారణంగా ఉండదు. మా ఇంట్లో అమ్మకీ నాకూ ఏళ్ళ తరబడి ఇదే బాధ, ఈ గుర్తు మాకు ఎప్పుడూ తప్పలేదు. పొద్దున లేవగానే వరసగా తుమ్ములు, నీళ్ళలా కారే ముక్కు, ఎర్రబడ్డ కళ్ళు. జ్వరం మాత్రం రాదు. చిన్నపిల్లలైతే అరచేత్తో ముక్కు కొనను పైకి రుద్దుకుంటూ ఉంటారు. చూస్తే ఇట్టే తెలిసిపోతుంది.

మాది విశాఖపట్నం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకి ఊళ్ళో చెట్లు కూలిపోయాయి. త్వరగా ఎదుగుతాయని ఆ తర్వాత రోడ్ల పక్కన ఏడాకుల పాల మొక్కలు విపరీతంగా నాటారు. ఇప్పుడవి మేడల ఎత్తుకి పెరిగాయి. అక్టోబరు, నవంబరుల్లో సాయంత్రమయ్యేసరికి ఆ పూల ఘాటు వీధంతా కమ్ముకుంటుంది. ఆ పుప్పొడి గాలిలో ఎంత దూరం పోతుందన్న వాదన నాకు అనవసరం. ఆ ఘాటుకే మా అమ్మ కిటికీలు మూసుకుని కూర్చుంటుంది. అదే చోట వేప, కానుగ, నేరేడు నాటి ఉంటే నీడ ఉండేది, ఈ బాధ ఉండేది కాదు. రోడ్ల పక్కన నాటే కోనోకార్పస్ చెట్ల మీదా చాలా ఊళ్ళలో ఇదే ఫిర్యాదు. పల్లెల్లో అయితే వయ్యారిభామ ఉండనే ఉంది. మొక్క నాటేముందు అది ఏ నెలలో పూస్తుందో, పక్కన ఎవరుంటారో ఆలోచించాలి కదా!

ఇన్ఫెక్షన్ ఎలా ఉంటుందో మా బాబాయి విషయంలో కళ్ళారా చూశాను. ఆయనకీ కార్తీక మాసం వస్తే తుమ్ములే. మెడికల్ షాపులో సెట్రిజిన్ అనే అలర్జీ మాత్ర కొనుక్కుని నెట్టుకొచ్చేవాడు. ఒక ఏడాది తుమ్ములు తగ్గాయి గానీ, కుడివైపు పైదవడ పళ్ళు సలపడం మొదలైంది. పన్ను పుచ్చిపోయిందని ఆయనే తేల్చేసుకున్నాడు. లవంగ నూనెలో ముంచిన దూది పెట్టుకుని, అన్నం రెండోవైపే నములుతూ, "ఈ పన్ను పీకించేస్తే పీడా పోతుంది తల్లీ, వనభోజనాలు దగ్గరకొచ్చాయి" అన్నాడు. నా స్కూటర్ మీద పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. దారిలో స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా బుగ్గ పట్టుకుని మూలిగాడు.

డాక్టరుగారు ఒక్కో పన్నూ మెల్లగా తట్టి చూశారు. నొప్పి ఒక పన్నులో లేదు, ఆ వరసంతా ఉంది. ఎక్స్‌రేలో పళ్ళు బాగానే ఉన్నాయి. అప్పుడాయన, "లేచి నిలబడి, కింద చెప్పులు తీస్తున్నట్టు ఒకసారి వంగండి" అన్నారు. బాబాయి సగం వంగాడో లేదో, "అమ్మో" అంటూ రెండు చేతులతో మొహం పట్టుకున్నాడు. "ఇది పంటి నొప్పి కాదు. ఇవాళే ఈఎన్‌టీ డాక్టరుకి చూపించండి" అని చీటీ రాసిచ్చారు. పన్ను పీకమని పేషెంటే బతిమాలుతుంటే పీకకుండా పంపించిన ఆయనకి నేను ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

ఈఎన్‌టీ దగ్గర సన్నటి గొట్టంలాంటి కెమెరా ముక్కులో పెట్టి తెర మీద చూపించారు. కుడివైపు నుంచి చిక్కటి పసుపు చీము దిగుతోంది. "ఇన్నాళ్ళూ ఇది నా మొహంలోనే ఉందా?" అని బాబాయి ఆ తెరకేసి చూస్తూ ఉండిపోయాడు.

డాక్టరు వివరించాక విషయం నాకు బాగా అర్థమైంది. బుగ్గ ఎముక వెనక ఉండే సైనస్ గదికి అడుగున పైపళ్ళ వేళ్ళు ఆనుకుని ఉంటాయి, అందుకే నొప్పి పళ్ళలో తెలుస్తుంది. పైగా ఆ గదిలోంచి నీరు బయటికి పోయే రంధ్రం అడుగున ఉండదు. కుండకి మెడ దగ్గర చిల్లు పెట్టినట్టు పైన ఎక్కడో ఉంటుంది. అలర్జీకి ముక్కు పొర వాచి ఆ కాస్త దారీ మూసుకుపోతే లోపలి నీరు నిలవ ఉండి, సూక్ష్మజీవులు పెరుగుతాయి. అందుకే ఇదా అదా అని అడిగేవాళ్ళకి నేను చెప్పేదొక్కటే: మొదటిదాన్ని పట్టించుకోకపోతే రెండోది దాని వెనకాలే రావచ్చు. బాబాయికి యాంటీబయాటిక్ కోర్సుతో పాటు ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే రాశారు, ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కోమన్నారు. ఆ నీళ్ళు కాచి చల్లార్చినవే అయ్యుండాలి. ఇప్పుడాయన డాక్టరు సలహాతో సెప్టెంబరు చివర్లోనే, పూలు రాకముందే, స్ప్రే మొదలుపెడతాడు. మళ్ళీ ఆ పంటి నొప్పి రాలేదు.

స్ప్రే విషయంలో ఒక మాట. ఒక్క రోజు కొట్టి పనిచేయలేదని పారేస్తారు. అది పూర్తిగా పనిచేయడానికి ఒకటి రెండు వారాలు పట్టొచ్చు. కుడిచేత్తో ఎడమ ముక్కులో, ఎడమచేత్తో కుడి ముక్కులో, కొన చెవివైపు ఉండేలా కొట్టాలి. మధ్య గోడకి కొడితే రక్తం వస్తుంది. నిమిషాల్లో ముక్కు తెరిచే చుక్కల మందులు వేరు. వాటిని మూడు నాలుగు రోజులకి మించి వాడితే మానగానే ముక్కు ఇంకా గట్టిగా మూసుకుపోతుంది. దిండు కింద ఆ సీసా లేకుండా నిద్రపోలేని వాళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నారు.

ఇక చీమిడి పచ్చగా ఉంది కాబట్టి యాంటీబయాటిక్ కావాలని నిర్ణయించేయడం నాకు అసలు నచ్చని సంగతి. మామూలు వైరస్ జలుబులోనూ కొన్నాళ్ళకి అది పసుపు, ఆకుపచ్చ రంగులోకి మారుతుంది. అది వారం పది రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. పది రోజులైనా ఏమాత్రం తగ్గకపోతే, లేదా తగ్గుతూ వచ్చి మళ్ళీ జ్వరంతో తిరగబెడితే, లేదా మొదటి నుంచే 102 డిగ్రీల జ్వరం, చీము, మొహం నొప్పి మూడు నాలుగు రోజులు వదలకుండా ఉంటే అప్పుడు బ్యాక్టీరియాని అనుమానించాలి. మా సందు చివరి మెడికల్ షాపులో తుమ్మితే చాలు, అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ చేతిలో పెడతారు. ఆ స్ట్రిప్ మీద నిలువుగా ఎర్ర గీత ఉంటుంది. డాక్టరు చీటీ లేకుండా వాడకూడదని దాని అర్థం. 2016లో కేంద్ర ఆరోగ్య శాఖ దాని మీద ప్రచారం కూడా చేసింది. అలర్జీకి ఆ మాత్ర ఎన్నిసార్లు మింగినా ఒరిగేదేమీ లేదు. రేపు నిజంగా అవసరం పడ్డప్పుడు అది పనిచేయకుండా పోవచ్చు.

ముక్కులో ఏ ఇబ్బందీ లేకుండా ఒకపక్క తల పగిలిపోతూ, వెలుతురు చూడలేక, వాంతి వచ్చేలా ఉంటే అది సైనస్ కాకపోవచ్చు. పార్శ్వపు నొప్పేమో చూపించుకోండి. షుగర్ అదుపులో లేనివాళ్ళకి ఒకవైపు బుగ్గ నొప్పి, తిమ్మిరి ఉన్నా, ముక్కులోంచి నల్లటి స్రావం వచ్చినా ఒక్క రోజు కూడా ఆగొద్దు. 2021లో బ్లాక్ ఫంగస్ ఎంతమందిని అలా పట్టుకుందో చూశాం. ఎవరికైనా సరే, కంటి చుట్టూ వాపు వచ్చినా, ఒక వస్తువు రెండుగా కనిపించినా, జ్వరంతో మెడ బిగుసుకుపోయినా తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్ళండి.