లైట్లు కాదు, గీజర్ సంగతి చూడండి

అమ్మలూ,

నువ్వు పంపిన కరెంటు బిల్లు చూశాను. ఏ గదిలో లైటు వెలుగుతున్నా అల్లుడుగారు కేకలేస్తున్నారని కూడా రాశావు. ముందు ఆ గొడవ ఆపండి. మీ ఇంట్లో ఉన్నవన్నీ ఎల్‌ఈడీలే. 9 వాట్ల బల్బును నెలంతా రాత్రీపగలూ ఆర్పకుండా వదిలేసినా ఆరున్నర యూనిట్లు దాటదు. అదే 2000 వాట్ల గీజర్ రోజుకు అరగంట కరెంటు లాగిందంటే నెలకు 30 యూనిట్లు. ఇంక పోట్లాడుకోవాలంటే గీజర్ దగ్గర పోట్లాడుకోండి.

1000 వాట్ల వస్తువు గంటసేపు పనిచేస్తే ఒక యూనిట్. వస్తువు మీద రాసి ఉన్న వాట్లను గంటలతో గుణించి, 1000తో భాగిస్తే సరిపోతుంది. ఫ్రిజ్, ఏసీలకు మాత్రం ఈ లెక్క అంత సూటిగా కుదరదు. వాటి కంప్రెసర్ కాసేపు నడిచి కాసేపు ఆగుతుంది, లేదా వేగం మార్చుకుంటుంది.

బిల్లులో మొత్తం చూడకముందే రెండు రీడింగులకు మధ్య ఎన్ని రోజులో చూడు. 28 రోజుల బిల్లు పక్కన 34 రోజుల బిల్లు పెట్టి కంగారు పడేవాళ్లు చాలామంది. యూనిట్లను రోజులతో భాగిస్తే అసలు వాడకం ఎంతో తెలుస్తుంది. కరెంటు ఏమీ వాడకపోయినా కట్టాల్సిన స్థిర చార్జీ ఒకటుంటుంది, దాన్ని నువ్వు తగ్గించలేవు. మీ దగ్గర స్లాబులుంటే, అంటే వాడకం ఒక్కో మెట్టు దాటేకొద్దీ యూనిట్ రేటు పెరుగుతుంటే, అన్నిటికంటే ఖరీదైనవి చివర్లో వాడిన యూనిట్లే. స్లాబు దాటి ఓ ఇరవై యూనిట్లు పోయాయంటే, ముందు ఆ ఇరవై మీద కన్నెయ్యి.

ఇప్పుడు అసలు పని. మీటర్ మీద ఒక చిన్న లైటు మిణుకుమంటూ ఉంటుంది. పక్కనే ఒక యూనిట్‌కు ఎన్ని మిణుకులో అంకె రాసి ఉంటుంది. 3200 అనుకుందాం. ఇంట్లో అన్నీ ఆపేసి, ఒక్క ఫ్యాను మాత్రం వేసి, రెండు మిణుకుల మధ్య ఎన్ని సెకన్లు పడుతోందో చూడు. 1125ను ఆ సెకన్లతో భాగిస్తే ఆ ఫ్యాను వాట్లు వస్తాయి. 15 సెకన్లు పట్టిందంటే 75 వాట్లు. మీ మీటర్ మీద అంకె వేరైతే, 36 లక్షలను ఆ అంకెతో భాగించి, 1125 బదులు అది వాడు. ఇలా ఒక్కొక్కటీ వేసి చూసుకుంటే, ఆదివారం పూట కాసేపట్లో ఇల్లంతా తేలిపోతుంది. మీటర్‌ను చూడటమే, చెయ్యి పెట్టొద్దు.

అన్నీ ఆపేశాక కూడా లైటు మిణుకుతోందా? ఇన్వర్టర్ బ్యాటరీ చార్జ్ అవుతుండొచ్చు, సెట్‌టాప్ బాక్స్ ప్లగ్‌లోనే ఉండొచ్చు. రిమోట్‌తో ఆపితే అది నిజంగా ఆగినట్టు కాదు. 10 వాట్లు ఎడతెరిపి లేకుండా లాగేదాని వల్ల నెలకు 7 యూనిట్లు పోతాయి. ప్లగ్గులన్నీ పీకేసినా మిణుకు ఆగకపోతే మాత్రం వైరింగ్‌లో లీకేజీ ఉందేమోనని అనుమానించాలి. అది డబ్బు సంగతే కాదు, ప్రాణం సంగతి. వెంటనే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

15 లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 50కి తేవాలంటే సుమారు 0.44 యూనిట్ కావాలి. కాయిల్ ఉన్న ఏ గీజరైనా, ఎన్ని గొప్పలు చెప్పినా, అంతకంటే తక్కువలో కాచలేదు. కాబట్టి తగ్గాల్సింది వేడినీళ్లే. షవర్ బదులు బకెట్ వాడండి. స్నానాలు వరుసగా కానివ్వండి. ఒకరు పొద్దున్నే, ఇంకొకరు రెండు గంటల తర్వాత అంటే మధ్యలో ట్యాంకు చల్లారుతూ ఉంటుంది.

ఏసీని 18 మీద పెడితే గది తొందరగా చల్లబడుతుందని అల్లుడుగారి నమ్మకం. మామూలు ఏసీలో కంప్రెసర్‌కు ఒకటే వేగం. 18 అంటే అది ఆగకుండా తిరుగుతుంది, అంతే. 26 మీద పెట్టి ఫ్యాను వేసుకుంటే ఒంటికి హాయిగానే ఉంటుంది. ఫిల్టర్ నువ్వే విప్పి కడుక్కోవచ్చు, దానికి మెకానిక్ అక్కర్లేదు.

ఫ్యాన్ల దగ్గర మాత్రం కాస్త ఖర్చు పెట్టమంటాను. 75 వాట్ల ఫ్యాను రోజుకు 16 గంటలు తిరిగితే నెలకు 36 యూనిట్లు. తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యానైతే 14 చాలు. అన్నీ ఒకేసారి మార్చక్కర్లేదు. ఎక్కువసేపు తిరిగే పడగ్గది ఫ్యానుతో మొదలుపెట్టు. పాత పెద్ద పెట్టె రెగ్యులేటర్లు ఉంటే తీయించెయ్యి. అవి స్పీడు తగ్గించినప్పుడు మిగలాల్సిన కరెంటులో చాలావరకు వేడిగా పోగొడతాయి.

ఫ్రిజ్ తలుపు మధ్య ఒక కాగితం పెట్టి మూసి లాగు. సులువుగా వచ్చేస్తే రబ్బరు మార్పించాలి. గోడకు మరీ ఆనించి ఉంటే కాస్త ముందుకు జరపండి.

ఈ ఆదివారం ఆ మీటర్ లెక్క చేసి, దేనికెన్ని వాట్లో ఒక కాగితం మీద రాసి ఫొటో పంపు. కొత్త ఏసీ కొనాలా వద్దా అన్నది అది చూశాకే చెప్తాను. అప్పటిదాకా అల్లుడుగారిని షాపు వైపు వెళ్లనివ్వకు.

మీ పెదనాన్న