డబ్బా విప్పితే వాపసు లేనట్టేనా?

సందేహం: నేను రిటైర్డ్ టీచర్‌ని, మాది గుంటూరు. ఉప్పలపాడు చెరువులో పక్షుల్ని చూసుకోవడానికి మా అమ్మాయి ముందు గాజు 65 మిల్లీమీటర్లున్న స్పాటింగ్ స్కోప్ (దూరాన ఉన్న పక్షుల్ని దగ్గరగా చూపే దుర్భిణి) కొనిపెట్టింది. దానికి ఆనించి ఫొటోలు తీయడానికి చిన్న కెమెరా కావాలని విజయవాడలో ఒక షాపువాళ్లకు స్కోప్ ఫొటో వాట్సాప్‌లో పంపి మరీ అడిగాను. ‘30 ఎక్స్ జూమ్ ఉన్నది తీసుకోండి సార్, స్కోప్‌కి బాగా పనికొస్తుంది’ అని జవాబిచ్చి, 38,500 రూపాయలకు ఒకటి అమ్మారు. తీరా చూస్తే ఏ ఫొటో తీసినా నల్లటి గుండ్రం, మధ్యలో రూపాయి బిళ్లంత కొంగ. జూమ్ చేస్తే లెన్సు ముందుకొచ్చి స్కోప్‌కి గుద్దుకుంటోంది. నాలుగో రోజే వెనక్కి తీసుకెళ్తే, ‘కెమెరా బాగానే ఉంది, మీరు డబ్బా విప్పేశారు’ అన్నారు. బిల్లు మీద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని ఉంది. చీటింగ్ కేసు పెడదామంటున్నాడు మా అల్లుడు. ఏం చేయమంటారు?

జవాబు: మాస్టారూ, ముందు అల్లుడు గారిని కాస్త ఆపండి. చీటింగ్ నిలబడాలంటే అమ్మేటప్పుడే మిమ్మల్ని మోసం చేయాలన్న ఉద్దేశం షాపువాడికి ఉందని చూపించాలి. మీరు రాసినదాన్ని బట్టి అతనికి స్కోప్ సంగతి తెలియదు, తెలిసినట్టు మాట్లాడాడు. అది పోలీసుల దాకా వెళ్లే విషయం కాదు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి, అక్కడ మీ కేసు గట్టిగానే ఉంది.

అయితే ఒక్క మాట దగ్గర జాగ్రత్త. ‘కెమెరా చెడిపోయింది’ అని మాత్రం ఎక్కడా రాయకండి. రాశారంటే అవతలివాళ్లు సర్వీస్ సెంటర్ నుంచి ‘ఏ లోపమూ లేదు’ అని కాగితం తెచ్చి పడేస్తారు. అది నిజం కూడా. కొల్లేరుకు కెమెరాలు మోసుకెళ్లే మిత్రుణ్ని అడిగితే చెప్పాడు: స్కోప్‌ను 20 రెట్లు పెద్దదిగా చూపేలా పెడితే వెనక నుంచి వచ్చే వెలుగు 3 మిల్లీమీటర్ల పైచిలుకు వెడల్పే ఉంటుందట. పెద్ద జూమ్ కెమెరాల్లో ఆ వెలుగు చేరాల్సిన చోటు లెన్సు లోపల బాగా లోతుగా ఉంటుంది, అందుకే చుట్టూ నలుపు. 3, 4 రెట్ల జూమ్, ముందు చిన్న గాజు ఉన్న కెమెరాకు ఈ బాధ చాలా తక్కువ. అంటే మీకు అమ్మింది మంచి వస్తువే, మీ పనికి రానిది.

ఇక్కడే 1930 నాటి సరుకుల విక్రయ చట్టం, సెక్షన్ 16 మీకు పనికొస్తుంది. ఏ పనికి కావాలో కొనేవాడు చెప్పి, అమ్మేవాడి తెలివి మీద ఆధారపడి కొంటే, ఆ వస్తువు ఆ పనికి తగినదై ఉండాలన్నది కాగితం మీద రాయకపోయినా ఉన్న షరతే. మీరు స్కోప్ ఫొటో పంపారు, వాళ్లు ‘పనికొస్తుంది’ అన్నారు. ఇంతకంటే ఏం కావాలి? కాకపోతే ఆ సెక్షన్‌లోనే ఒక మెలిక ఉంది. మీరే వెళ్లి ఫలానా కంపెనీ ఫలానా మోడల్ ఇవ్వండని పేరు పెట్టి అడిగి ఉంటే, పనికి రాలేదన్న వాదన బలహీనపడేది. కాబట్టి మోడల్ పేరు ముందు ఎవరి నోట వచ్చిందో చాట్ మొత్తం ఒకసారి చదువుకోండి.

ఇంగ్లండులో 1925లో ఇలాంటి కేసే ఒకటి నడిచింది. తిరగడానికి హాయిగా ఉండే కారు కావాలని అడిగినాయనకు డీలర్ ఆ పనికి రాని బుగాటీ కారు అంటగట్టాడు. పేరున్న కారే కదా, పైగా ఏ హామీలూ వర్తించవని కాగితంలో రాసుకున్నాం కదా అన్నాడు. కోర్టు రెండు వాదనలూ ఒప్పుకోలేదు. ఆ దేశపు చట్టం చూసి రాసుకున్నదే మన 1930 చట్టం కాబట్టి మన వకీళ్లు ఈ తీర్పును ఇప్పటికీ చెబుతుంటారు.

బిల్లు కింద అచ్చేసిన ఆ వాక్యం చూసి బెదరకండి. 2019 వినియోగదారుల చట్టంలో ‘లోపం’ అంటే చెడిపోవడం ఒక్కటే కాదు. వ్యాపారి ఏ రకంగానైనా చెప్పుకున్న ప్రమాణానికి వస్తువు తగ్గినా లోపమే. అలాంటి సరుకును బిల్లులో ఇచ్చిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకుని డబ్బివ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. మీరు నాలుగో రోజే వెళ్లారు. ఆ రోజు వెళ్లినట్టు ఏదైనా ఆధారం ఉందా? లేకపోతే ఇవాళే వాట్సాప్‌లో ‘ఫలానా తేదీన వచ్చి వాపసు అడిగాను, మీరు కాదన్నారు’ అని పెట్టండి.

తరవాత స్పీడ్ పోస్టులో నోటీసు. 15 రోజుల గడువు ఇవ్వండి. ఈలోగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, కొన్ని షాపులు అక్కడికే దిగొస్తాయి. దిగిరాకపోతే జిల్లా కమిషన్. షాపు విజయవాడలో ఉన్నా మీరు ఉండేది గుంటూరు కాబట్టి గుంటూరులోనే వేయొచ్చు. 5 లక్షల లోపు కొన్న వస్తువుకు ఫీజు లేదు. వినియోగదారుల కేసుల కోసం ఉన్న ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లో కూర్చునే దాఖలు చేయొచ్చు. వకీలు తప్పనిసరి కాదు (మా పొట్ట మేమే కొట్టుకునే మాట, అయినా చెప్పాలి). గడువు రెండేళ్లు. మూడు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది, మీరు మాత్రం అంతకంటే ఎక్కువకే సిద్ధపడండి. షాపును ప్రతివాదిగా పెట్టండి. కెమెరా కంపెనీ మీకు ఏ మాటా ఇవ్వలేదు, దాన్ని లాగితే కేసు సాగడం తప్ప లాభం లేదు.

చాట్ ప్రింటు ఒక్కటే చాలదు. భారతీయ సాక్ష్య అధినియం (కొత్త సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 ప్రకారం, ఆ చాట్ ఏ ఫోన్లోంచి తీసిందో చెప్పే సర్టిఫికెట్ దానికి జత చేయాలి. అసలు మెసేజీలు ఫోన్లోంచి చెరపకండి. ఒకే కొమ్మ మీది ఎర్రకాళ్ల కొంగను స్కోప్‌కు ఆనించి ఒకటి, ఆనించకుండా ఒకటి ఫొటో తీసి పక్కపక్కన పెట్టండి. పది పేజీల వాదన కంటే నల్లటి గుండ్రం ఉన్న ఆ ఒక్క ఫొటో ఎక్కువ పని చేస్తుంది. ఇంకొకటి, బిల్లు మీ పేరునే ఉందా? ఎవరిదైనా స్టూడియో జీఎస్టీ నంబరు మీద తీసుకుని ఉంటే, వ్యాపారానికి కొన్నారు, మీరు వినియోగదారుడే కాదంటారు.

ఈసారి కొనేటప్పుడు స్కోప్, స్టాండు వెంట తీసుకెళ్లండి. షాపు గుమ్మంలో నిలబెట్టి ఎదురు మేడ మీది నీళ్ల ట్యాంకును ఫొటో తీసి చూడండి. ‘స్పాటింగ్ స్కోప్‌కు వాడేందుకు’ అని బిల్లు మీద రాయించుకోండి.

ఇప్పుడున్న కెమెరాను, ఆ రెండు ఫొటోలూ తీశాక, మళ్లీ డబ్బాలో పెట్టేయండి. వద్దని చెప్పాక కూడా వాడుతూ ఉంటే సరుకును ఒప్పుకున్నట్టే అవుతుంది, ఎన్ని ఫొటోలు తీశారో ఫైలు నంబర్లే చెప్పేస్తాయి. మనవడి పుట్టినరోజు వస్తే ఫోన్‌తోనే తీయండి.