పావుగంట లేటుకు సగం కూలి పోయింది

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర ఊరు. వరంగల్ దగ్గర జిన్నింగ్ మిల్లులో రోజుకు 480 రూపాయలకు పోతాను, ఏడింటికి షిఫ్టు. మొన్న గిర్నిబావి దగ్గర పొగమంచుకు బస్సు నత్తలా నడిచి పావుగంట లేటైంది. మేస్త్రీ సగం రోజే రాసిండు. అడిగితే ‘చలి అందరికీ ఉన్నదే కదా’ అన్నడు. ఇట్ల కోయొచ్చా?

జవాబు: చలి అందరికీ ఉంది నిజమే చెల్లె, కోత మాత్రం నీకొక్కదానికే పడింది. లెక్క చూడు. 480ని ఎనిమిది గంటలకు పంచితే గంటకు 60, పావుగంటకు 15 రూపాయలు. నీకు పోయింది 240. పని చేయని సమయానికి ఎంత వస్తుందో అంతకు మించి కోయొద్దని 1936 నాటి వేతన చెల్లింపు చట్టమే చెప్పింది, దాని స్థానంలో 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లోనూ అదే ఉంది. అట్లని కోపంలో పది మందిని కూడగట్టి చెప్పకుండా పని మానేయకు, సరైన కారణం లేకుండా పది మంది, అంతకు మించి కలిసి అట్లా మానేస్తే ఎనిమిది రోజుల కూలి దాకా కోసే వీలు కూడా ఆ కోడ్‌లోనే ఉంది.

ఆడవాళ్ల ఉచిత ప్రయాణానికి బస్సులో ఇచ్చే జీరో టికెట్ చాలామంది దిగంగనే పారేస్తారు, నువ్వు పారేయకు. దాని మీద తేదీ, టైమ్ ఉంటాయి, కొన్నాళ్లకు అక్షరాలు వెలిసిపోతాయి కాబట్టి అప్పుడే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకో. అదే బస్సులో వచ్చే నలుగురూ కలిసి సేటు దగ్గరికే పోండి, మేస్త్రీతో వాదిస్తే లాభం లేదు. డిసెంబర్, జనవరి నెలల్లో షిఫ్టు ఎనిమిదింటికి మొదలుపెట్టి గంట ఆలస్యంగా వదలమని అడగండి, మిల్లుకు గంట పని కూడా పోదు. వినకపోతే లేబర్ ఆఫీసులో అర్జీ ఇవ్వొచ్చు.

ప్రశ్న: ఆదిలాబాద్‌లో నాకు చిన్న గోదాం ఉంది. ఈ ఇగానికి రాత్రి వాచ్‌మన్ ఎవరూ నిలవడం లేదు. గదిలోకి కుంపటి ఇస్తే సరిపోతుందా?

జవాబు: వద్దండీ! తలుపు, కిటికీ మూసి బొగ్గుల కుంపటి పెట్టుకుంటే కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది, దానికి వాసన ఉండదు, నిద్రలో ఉన్న మనిషికి తెలిసేలోపే ప్రాణం పోతుంది. మంట కావాలంటే బయట నెగడు వేయించండి, అదీ సరుకుకు దూరంగా. మందపాటి రగ్గు, ఫ్లాస్కు నిండా చాయ్, గాలి కొట్టకుండా గదికి సరైన తలుపు ముందు చూడండి. ఇంకో మనిషిని పెట్టుకుని అర్ధరాత్రి దాకా ఒకరు, తర్వాత ఒకరు కాస్తే మనిషి నిలుస్తాడు. ఖర్చంటారా, తాళం పగిలితే అయ్యే ఖర్చుతో పోల్చి చూసుకోండి.

ఎండాకాలం కూలి పని వేళలు మార్చాలని అందరం అంటాం, చలికి మాత్రం ఎవరం అనం. విచిత్రం ఏమిటంటే కేంద్రం విపత్తుల జాబితాలో శీతల గాలులు ఇదివరకే ఉన్నాయి, వడగాలులనే తెలంగాణ 2025లో ప్రత్యేకంగా రాష్ట్ర విపత్తుగా ప్రకటించాల్సి వచ్చింది. మైదానంలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలు, అంతకన్నా దిగువకు పోయి, మామూలు కంటే 4.5 డిగ్రీలు తగ్గితే వాతావరణ శాఖ దాన్ని శీతల గాలి అంటుంది. ఆ హెచ్చరిక వచ్చిన రోజు పొద్దున లోడు దింపుడు కూడా ఎండ పొడిచాక పెట్టుకోండి, ఆ సంగతి హమాలీలకు ముందురోజు సాయంత్రమే చెప్పండి. తెల్లారి ఐదింటికి వచ్చి గేటు ముందు వణుకుతూ నిలబడ్డాక చెప్తే ఏం లాభం?

ప్రశ్న: హన్మకొండలో బట్టల షోరూంలో చేస్తాను. జనవరిలో కూడా ఏసీ నడుపుతున్నారు, యూనిఫాం మీద స్వెట్టర్ వేసుకోవద్దంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: యూనిఫాం రంగులోనే స్వెట్టర్లు ఇప్పించమని అందరూ కలిసి అడగండి. అంతకంటే ముందు, జనవరిలో ఆ ఏసీ ఎందుకు నడుస్తుందో అడగండి.