కోటీశ్వరుల డైనింగ్ టేబుల్, అన్నంతో చేసిన ఇడ్లీ

సీరియల్స్ అన్నీ కోటీశ్వరుల ఇళ్లలోనే ఎందుకు జరుగుతాయి, మనలాంటి వాళ్ల ఇళ్లు ఎందుకు చూపించరు అని ఒకరు అడిగారు. మనకు లేనిదాన్ని చూపిస్తే ఆశగా చూస్తాం కాబట్టి అని అందరూ చెప్పే జవాబే. నేను ఒప్పుకోను. చాలా ఏళ్ల కింద హైదరాబాద్‌లో ఆరు నెలలు ఒక సీరియల్‌కి అసిస్టెంట్‌గా చేశాను (పేరు అడగకండి, ఇరవై రోజుల బేటా, అంటే రోజు భత్యం, ఇంకా రావాలి, వస్తుందన్న ఆశ కూడా పోయింది). సీరియల్లో డబ్బు ఉండేది చూపించుకోడానికి కాదు, ఇంట్లోవాళ్లు గడప దాటకుండా చూడటానికి.

మన ఇల్లే తీసుకోండి. తొమ్మిదయ్యేసరికి ఒకళ్లు బస్సుకి, ఒకళ్లు ఆటోకి, పిల్లలు బడికి, ఇంక ఉన్న ఒక్క అత్తగారు కోడలి మీద కుట్ర పన్నుదామని కూర్చుంటే గ్యాస్ బండ వస్తుంది, లేదా నల్లాలో మంజీరా నీళ్లు వదులుతారు. కుట్రకి తీరిక కావాలి, తీరికకి ఆస్తి కావాలి. అంతే లెక్క.

ఇది మన దగ్గరే కాదు. అమెరికాలో 1978లో డాలస్ అని ఒక సీరియల్ మొదలైంది, టెక్సస్ చమురు కుటుంబం కథ. పెళ్లయిన కొడుకులు జే.ఆర్., బాబీ పెళ్లాలతో సహా అమ్మానాన్నల దగ్గరే, సౌత్‌ఫోర్క్ అనే ఒకే ఇంట్లో. కాస్త పెద్దవగానే పిల్లలు వేరే ఇల్లు చూసుకునే దేశంలో! వాళ్లకీ ఉమ్మడి కుటుంబం పెట్టక తప్పలేదు మరి. జే.ఆర్.ని ఎవరో కాల్చినట్టు 1980 మార్చిలో చూపించి, ఎవరన్నది నవంబర్ దాకా చెప్పలేదు. చెప్పిన రాత్రి 8 కోట్ల మందికి పైగా చూశారు. తీరా చూస్తే కాల్చింది ఎవరో కాదు, మరదలే. 2000లో స్టార్ ప్లస్‌లో మొదలైన హిందీ సీరియల్ క్యూంకీ సాస్ భీ కభీ బహూ థీలో విరానీల ఇల్లు కూడా ఇదే లెక్క, తరాలు మారాయి కానీ ఇల్లు మారలేదు.

జనం నగలూ కార్లూ చూస్తారన్నది కూడా అబద్ధమే. కార్తీక దీపం సీరియల్లో డాక్టర్ బాబుది అంత పెద్ద ఇల్లు కదా, మరి అందరూ నెత్తిన పెట్టుకున్నది ఎవర్ని? బస్తీలో వండుకుని బతికిన వంటలక్కని.

సరే, మా సెట్ సంగతి. అద్దె బంగళా. టేబుల్ చుట్టూ పద్నాలుగు మంది టిఫిన్ చేస్తుంటే కోడలు ఒక మాట అంటుంది, సీన్ అంతే. ఆ ఒక్క మాటకి పద్నాలుగు మొహాలూ ఉలిక్కిపడాలి, ఒక్కో మొహానికీ మళ్లీ లైట్లు మార్చాలి. పొద్దున తొమ్మిదింటికి తెచ్చిన ఇడ్లీలు మూడయ్యేసరికి రాళ్లయిపోయాయి. కంటిన్యుటీ నా పని, అంటే ఒక షాట్‌లో ఉన్నవి తర్వాతి షాట్‌లోనూ అలాగే ఉండేలా చూడటం. తాతయ్య ప్లేట్లో రెండు ఇడ్లీలు ఉండాలి, ఆ వేషం వేసే పెద్దాయనకి షుగరు, ఆకలికి ఆగలేక ఒకటి తినేశారు. ఆయన్ని ఏమంటాం? టిఫిన్ సెంటర్ ఎప్పుడో కట్టేశాడు. డైరెక్టర్ గారేమో అరుపులు. యూనిట్ భోజనంలోంచి గుప్పెడు అన్నం తీసి, స్టీలు గిన్నెలో బాగా అదిమి, ప్లేట్లో బోర్లించి, మెతుకులు కనపడకుండా పైన చట్నీ పోశాను. షాట్ ఓకే. ఆ పెద్దాయన నా వైపు చూసి కన్ను కొట్టారు.

(మధ్యలో ఒక మాట, అన్ని కోట్ల ఇంట్లో ఒక్క తలుపుకీ గడియ ఉండదేంటండీ? ప్రతి రహస్యమూ తలుపు చాటున ఎవరో ఒకరు వినాల్సిందే. వడ్రంగిని పిలిచి ఒక్క గడియ పెట్టిస్తే సగం సీరియల్స్ వారంలో అయిపోతాయి.)

ఆ ఎపిసోడ్ వచ్చిన రోజు ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టాను. షాండ్లియర్ గురించి గానీ, అత్తగారి చీర గురించి గానీ మా అమ్మ ఒక్క ముక్క అనలేదు. తాతయ్య ప్లేట్ రాగానే, "ఏరా, అది ఇడ్లీయేనా? అన్నం ముద్దలా ఉందే" అంది. ఎడిటర్‌కి దొరకనిది మా అమ్మకి రెండు సెకన్లలో దొరికింది. ఇంకాస్త చూసి, "అంతమందికి పొద్దున్నే పిండి రుబ్బి వాయిలు దించేది ఎవర్రా? ఆవిణ్ణి ఒక్కరోజైనా చూపించరే" అంది.

మర్నాడు ఆ మాట డైరెక్టర్ గారికి చెప్పాను. ఇంకో ఆర్టిస్టుకి బడ్జెట్ లేదన్నారు.