పాడేరు ఏజెన్సీలో టీచర్ పోస్టింగ్ వచ్చింది, అక్కడ ఉండగలనా?

మీది తణుకు వైపు అన్నారు. డీఎస్సీలో ఎస్జీటీగా, అంటే చిన్న తరగతుల టీచరుగా, ముంచింగిపుట్టు మండలంలో బడి వచ్చింది, చలి, మలేరియా అంటే ఇంట్లో భయపడుతున్నారు, చేరాలా వద్దా అని అడిగారు.

మాది చింతపల్లి దగ్గర, భగత తెగవాళ్ళం. ఏజెన్సీలోనే టీచరుగా పనిచేస్తున్నాను. కొన్నేళ్ళు ఒడిశా సరిహద్దు ఊళ్ళలో చేశాను. చలికి మంచి రగ్గు, స్వెట్టరు చాలు. మలేరియా మాత్రం నిజమే. వానలు మొదలైతే దోమతెర లేకుండా పడుకోవద్దు, జ్వరం తగిలిన రోజే ఆశా కార్యకర్త దగ్గర రక్తపరీక్ష చేయించుకోండి.

అసలు కష్టం భాషతో. ఏజెన్సీలో పుట్టిన నాకే అక్కడి ఒకటో తరగతి పిల్లల మాట అర్థం కాలేదు. మా ఇంట్లో మాట్లాడేది తెలుగే. అక్కడ కొన్ని ఊళ్ళలో ఆదివాసీ ఒడియా, కోదు తెగవాళ్ళ ఊళ్ళలో కువి భాష. మీరు పేరు అడిగితే పిల్ల తల దించుకుని నిలబడుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళు చాలామంది 'డల్' అని అక్కడితో వదిలేస్తారు. అదే పిల్ల సంతలో వాళ్ళమ్మ పక్కన కూర్చుని చింతపండు డబ్బులు లెక్క చూసి చిల్లర ఇస్తుంది. తప్పు ఎవరిదో మీరే ఆలోచించండి.

ఉమ్మడి రాష్ట్రంలోనే కువి, కొండ, కోయ, సవర, ఆదివాసీ ఒడియాతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో, తెలుగు లిపిలోనే వాచకాలు తయారుచేశారు. బడి బీరువాలో అడుగున ఎక్కడో పడి ఉంటాయి, వెతకండి. మాతృభాషా వాలంటీరు ఉంటే మీ అదృష్టం. లేకపోతే మధ్యాహ్న భోజనం వండే ఆవిడను పట్టుకోండి. నాకు నేర్పింది అలాంటి ఒకావిడే. రా, కూర్చో, తిన్నావా, ఎక్కడ నొప్పి, ముందు ఇవి వస్తే చాలు. ఆ చివరిది మరీ ముఖ్యం. ఒళ్ళు కాలిపోతున్నా నోరు విప్పని పిల్లలుంటారు.

మీది మండల పరిషత్ బడా, ఆశ్రమ పాఠశాలా అన్నది రాయలేదు. ఆర్డర్లో చూసుకోండి, రెండింటికీ చాలా తేడా. మండల పరిషత్ బడి అయితే చాలాచోట్ల టీచరు ఒక్కరే. ఐదు తరగతులూ ఒకే గదిలో. మీరు సెలవు పెడితే బడి మూతే. ఆశ్రమ పాఠశాల అయితే గిరిజన సంక్షేమ శాఖ కిందకు వస్తుంది, పిల్లలు అక్కడే ఉంటారు. రాత్రి స్టడీ అవర్లూ, పిల్లలను ఆసుపత్రికి తీసుకెళ్ళడమూ అన్నీ మీ మెడకే. ఎవరో ఒకరు డిప్యూటీ వార్డెన్ పని కూడా చూడాల్సి వస్తుంది.

పాడేరులో గది తీసుకుని రోజూ బండి మీద వెళ్ళొస్తాను అనుకుంటున్నారేమో, వద్దు. దారిలో గెడ్డ (వాగు) పొంగిందంటే ఇవతలే ఆగిపోతారు. కనీసం మండల కేంద్రంలో ఉండండి, ఊళ్ళోనే ఇల్లు దొరికితే ఇంకా మంచిది. కాఫీ పళ్ళ కోతల్లో, సంత రోజుల్లో, ఏప్రిల్లో గిరిజనుల ఇటుకల పండగప్పుడు హాజరు పడిపోతుంది. టెన్షన్ పడకండి, తల్లిదండ్రుల మీద అరవకండి.

ఇంకోటి, కాస్త చేదుగా ఉంటుంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చే 2000 నాటి జీవో 3ని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. మీకు ఈ పోస్టు వచ్చింది అందువల్లే. డీఎడ్ చేసి ఖాళీగా ఉన్న కుర్రాళ్ళు ఆ ఊళ్ళో ఉంటారు, మిమ్మల్ని చూసి ముఖం తిప్పుకుంటారు. ఆ కోపంలో న్యాయం ఉందనే నా అభిప్రాయం. మీతో వాదనకు దిగితే తీర్పు గురించి మాట్లాడకండి. వాళ్ళ తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు చదవడం, రాయడం వస్తే వాళ్ళే మెత్తబడతారు.

నన్నడిగితే చేరండి. జాయినింగ్ రిపోర్ట్ ఇచ్చేటప్పుడే ఆఫీసులో కొన్ని కనుక్కోండి: ఇంతకుముందు టీచరు ఎక్కడ అద్దెకు ఉండేవారు, వానాకాలంలో బడికి బండి వెళ్తుందా, ఊళ్ళో ఏ భాష మాట్లాడతారు, హాజరు యాప్‌కు సిగ్నల్ ఎక్కడ దొరుకుతుంది.