మిషిగన్ చలికీ వానకీ కరోలాకి ఏ టైర్లు వేయించాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. ఆగస్టులో హైదరాబాద్ నుంచి వచ్చారు, నోవైలో అపార్ట్‌మెంట్, ఆఫీసు డియర్‌బోర్న్‌లో, సెకండ్ హ్యాండ్ కరోలా కొన్నారు. టైర్ల మీద ఎం ప్లస్ ఎస్ అని ఉంది కాబట్టి మంచుకి ఢోకా లేదని అమ్మినాయన చెప్పాడు. ఆఫీసులో ఒకాయన వింటర్ టైర్లు లేకుండా రోడ్డెక్కొద్దు అంటున్నాడు, ఇంకొకాయన ఇన్నేళ్ళుగా ఆల్-సీజన్ మీదే లాగిస్తున్నా నాకేం కాలేదు అంటున్నాడు. ఎవరి మాట వినాలి? వానకి ఏవి మంచివి?

ముందు జవాబు చెప్పేస్తా, కారణాలు తర్వాత. మీకు గరాజ్ లేదు, ఇంకో సెట్టు టైర్లు దాచుకునే చోటు లేదు, రోజూ తిరిగేది ఐ-96, సౌత్‌ఫీల్డ్ ఫ్రీవే లాంటి ఉప్పు చల్లి ప్లౌతో మంచు తోసేసే రోడ్ల మీదే. మీ స్థానంలో నేనైతే ఆల్-వెదర్ టైర్లు నాలుగూ వేయించుకుంటా. ఆల్-సీజన్ కాదండీ, ఆల్-వెదర్. షాపుకి వెళ్తే ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడతారు, మీరు మాత్రం కలపొద్దు.

అసలు కిటుకు గీతల్లో కంటే రబ్బరులో ఉంది. మామూలు రబ్బరు చలికి బిగుసుకుపోతుంది. సమ్మర్ టైర్లయితే 7 డిగ్రీల సెల్సియస్, అంటే ఇక్కడి లెక్కలో 45 ఫారెన్‌హీట్ కంటే కిందికి వెళ్ళేసరికి పట్టు తప్పడం మొదలవుతుంది, దానికి మంచు పడక్కర్లేదు, పొడి రోడ్డు మీదే బ్రేకు వేస్తే తేడా తెలుస్తుంది. హైదరాబాద్‌లో మనకు ఈ బాధ లేదు, ఎప్పుడైనా జనవరి తెల్లవారుజామున లంబసింగి వెళ్తే తప్ప మన టైర్లు ఆ చలి ముఖం చూడవు. ఇక్కడ నవంబర్ సగం నుంచి మార్చి చివరి దాకా పొద్దున ఆఫీసుకి బయల్దేరే వేళకి చాలా రోజులు అంతకంటే తక్కువే ఉంటుంది. ఆల్-సీజన్ రబ్బరు సమ్మర్ కంటే నయం, కానీ గట్టి చలి వచ్చేసరికి అదీ చేతులెత్తేస్తుంది. వింటర్ టైరు రబ్బరు ఆ చలిలోనూ మెత్తగానే ఉంటుంది, పైగా ట్రెడ్ (రోడ్డుకి ఆనే భాగం) దిమ్మల మీద బ్లేడుతో కోసినట్టు సన్నని గాట్లు వందలకొద్దీ ఉంటాయి, అవి విచ్చుకుని మంచుని పట్టుకుంటాయి. ఆల్-వెదర్ అనేది ఆల్-సీజన్‌కీ వింటర్‌కీ మధ్యలోది, ఏడాది పొడుగునా బండి మీదే ఉంచేయొచ్చు.

ఇక అమ్మినాయన చెప్పిన ఎం ప్లస్ ఎస్ సంగతి. మడ్ అండ్ స్నో అని దానర్థం, కానీ ఆ ముద్ర వెయ్యడానికి మంచు మీద పరీక్ష చేయక్కర్లేదు, ట్రెడ్‌లో గాడుల ఆకారం, వాటి మధ్య ఖాళీ చాలు. మీరు వెతకాల్సింది సైడ్‌వాల్ (టైరు పక్క భాగం) మీద చిన్న బొమ్మ: మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు పువ్వు. అది ఉంటే ఆ టైరు అణిగిన మంచు మీద నిజంగా పరీక్ష నెగ్గిందని అర్థం. అయితే ఆ పరీక్షలో ప్రధానంగా చూసేది బండి ముందుకు లాగడంలో పట్టు ఎంత అన్నది. గడ్డకట్టిన ఐసు మీద ఎంత దూరంలో ఆగుతుంది అన్నది ఆ బొమ్మ చెప్పదు. అందుకే ఒకే బొమ్మ ఉన్న ఆల్-వెదర్‌కీ అసలు సిసలు వింటర్ టైరుకీ ఐసు మీద బాగా తేడా ఉంటుంది. జర్మనీలో ఉన్న మనవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, అక్కడ 2024 అక్టోబర్ నుంచి మంచు రోడ్ల మీద ఉత్త ఎం ప్లస్ ఎస్ చెల్లదు, ఈ కొండ బొమ్మ ఉండాల్సిందే. క్యూబెక్‌లో రిజిస్టర్ అయిన బండికైతే డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు చట్టమే. మిషిగన్‌లో అలాంటి రూలేమీ లేదు, మన తిప్పలు మనమే పడాలి.

మా ఇంట్లో రెండు బళ్ళు. నాది పాత క్యామ్రీ, చలికాలంలో వేరే రిమ్ముల మీద వింటర్ టైర్లు. మా ఆవిడది ఆల్ వీల్ డ్రైవ్ రావ్4, మొదట్లో దాని మీద కంపెనీ ఇచ్చిన ఆల్-సీజన్ టైర్లే ఉండేవి. మంచు పడ్డ పొద్దున సబ్‌డివిజన్ (మా ఇళ్ళ కాలనీ) లోంచి బయటికి రావడంలో రావ్4 దర్జాగా లేచి వెళ్ళిపోయేది, నా క్యామ్రీ కాస్త గునిసేది. మెయిన్ రోడ్డు దగ్గర చిన్న పల్లం, పల్లంలో స్టాప్ సైన్. అక్కడ కథ తారుమారు. క్యామ్రీ గీత దగ్గర బుద్ధిగా ఆగేది. రావ్4లో ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే బ్రేకు ఏర్పాటు) కాలి కింద గరగరమని తన్నుతూ ఉండగా బండి గీత దాటి మెల్లగా జారుతూనే ఉండేది, పక్కన కూర్చున్నవాళ్ళకి ఎంత టెన్షనో చెప్పలేను. నాలుగు చక్రాలూ లాగడం కదలడానికి పనికొస్తుంది, బ్రేకు వేసినప్పుడు అన్ని బళ్ళకీ నాలుగు చక్రాలే, అక్కడ పట్టేది రబ్బరు ఒక్కటే. రావ్4కి ఆల్-వెదర్ వేయించాక ఆ పల్లంలో గొడవ లేదు. మీ కరోలా ఫ్రంట్ వీల్ డ్రైవ్ అని దిగులు పడకండి, మంచి టైర్లుంటే అది ఇక్కడి చలికి చక్కగా సరిపోతుంది.

మీరు వాన గురించి ఒక్క లైనే అడిగారు గానీ నా ఉద్దేశంలో ఎక్కువ పట్టించుకోవాల్సింది దాన్నే. డెట్రాయిట్ చుట్టుపక్కల మంచు రోజుల కంటే తడి రోడ్డు రోజులే ఎక్కువ. మంచులో అందరూ నెమ్మదిగా వెళ్తారు, వానలో మాత్రం 70 మైళ్ళ స్పీడు తగ్గించే నాథుడు కనబడడు. నీళ్ళు నిలిచిన చోట టైరు ఆ నీటిని గాడుల్లోంచి పక్కకి తోసెయ్యాలి, తొయ్యలేకపోతే నీటి మీద తేలిపోతుంది, స్టీరింగ్ ఒక్కసారిగా దూదిలా తేలికైపోతుంది. నాసా వాళ్ళు విమానం టైర్ల మీద తేల్చిన పాత లెక్క ఒకటుంది: టైరులో గాలి ఎన్ని పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉందో దాని వర్గమూలాన్ని 10.35తో గుణిస్తే, తగినంత నీళ్ళుంటే నున్నటి టైరు సుమారు ఎన్ని మైళ్ళ వేగంలో తేలుతుందో వస్తుంది. 32 పీఎస్ఐకి 58 మైళ్ళు. గాలి 24కి పడిపోతే 50 దగ్గరే. గాడులు లోతుగా ఉంటే ఇంకా ఎక్కువ వేగం దాకా తట్టుకుంటుంది. అంటే అరిగిన టైరు, తక్కువ గాలి, ఈ రెండూ కలిశాయంటే ఫ్రీవే స్పీడులో మీ అదృష్టం ఎలా ఉంటే అలా. (2021 జూన్‌లో ఇక్కడ ఐ-94 మునిగి జనం కార్లు వదిలేసి నడిచి వెళ్ళారు. అలాంటి నీళ్ళకి ఏ టైరూ ఏమీ చెయ్యలేదు, వెనక్కి తిప్పుకోవడమే.)

కాబట్టి కొత్తవి కొనేముందు ఇప్పుడున్న టైర్లు ఒకసారి చూడండి. ఒక క్వార్టర్ (25 సెంట్ల) నాణెం తీసుకుని వాషింగ్టన్ తల కిందికి వచ్చేలా గాడిలో పెట్టండి. తల పైభాగం మొత్తం కనబడిపోతుంటే గాడి లోతు 4/32 అంగుళం కంటే తక్కువ, వానకి అది ఇక చాలదు. అలాగే పెన్నీతో (ఒక సెంటు నాణెం) లింకన్ తల పైభాగం మొత్తం కనబడితే 2/32 లోపే, మిషిగన్ చట్టం ప్రకారమే ఆ టైరు తీసెయ్యాలి. మంచుకైతే 6/32 కంటే తక్కువ ఉంటే నేను నమ్మను. ఒక్క చోట చూసి వదిలెయ్యకండి, లోపలి అంచూ బయటి అంచూ కూడా చూడండి, ఒక పక్కే అరిగి ఉంటే అలైన్‌మెంట్ పోయినట్టు, అది సరిచేయించకుండా కొత్త టైర్లేసినా అదే కథ.

తర్వాత వయసు. సైడ్‌వాల్ మీద డాట్ అని మొదలయ్యే నంబరు చివర నాలుగు అంకెలు ఉంటాయి, 3419 అంటే 2019లో 34వ వారం తయారైందని. ఒక పక్కన అంకెలు కనబడకపోతే రెండో పక్కన ఉంటాయి, బండి కిందికి టార్చ్ పెట్టి చూడాల్సిందే. మాకు తెలిసిన ఒక స్టూడెంట్ ఏదో చిన్న షాపులో వాడిన టైర్లు చవగ్గా వస్తున్నాయని వేయించుకున్నాడు, గాడులు కొత్తవాటిలా లోతుగా ఉన్నాయని మురిసిపోయాడు. తీరా చూస్తే పదేళ్ళు దాటిన సరుకు. గోటితో నొక్కితే ప్లాస్టిక్‌లా ఉంది, గాడి అడుగున సన్నని పగుళ్ళు. చలికి అలాంటి రబ్బరు వింటరు అని రాసి ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. కొత్తవి కొన్నప్పుడు కూడా బిగించకముందే ఈ అంకెలు చూపించమని అడగండి, మొహమాటపడొద్దు.

ముందు చక్రాలు లాగుతాయి కాబట్టి రెండే కొని ముందు వేస్తే సరిపోదా అని మీకు తప్పకుండా అనిపిస్తుంది, ఎవరో ఒకరు సలహా కూడా ఇస్తారు. వద్దు. ముందు పట్టు ఎక్కువై వెనక తక్కువైతే ర్యాంపు మలుపులో బ్రేకు తొక్కగానే తోక పక్కకి తిరిగొస్తుంది, దాన్ని సరిచెయ్యడం అనుభవం ఉన్నవాళ్ళకే కష్టం. గత్యంతరం లేక రెండే మార్చాల్సి వస్తే ఒకే రకంవి తీసుకుని కొత్తవి వెనక వేయించాలి. మంచు కోసమైతే మాత్రం నాలుగూ మార్చాల్సిందే.

ఏది కొనాలి అంటే, ఆల్-వెదర్‌లో మిషెలిన్ క్రాస్‌క్లైమేట్ 2, నోకియన్ రెమెడీ డబ్ల్యూఆర్‌జీ5, టోయో సెల్సియస్ 2, బ్రిడ్జ్‌స్టోన్ వెదర్‌పీక్, వీటిలో మీ సైజులో ఏది మంచి ధరకి దొరికితే అది తీసుకోండి, కొట్టుకుపోయేంత తేడా ఏమీ లేదు. మా రావ్4 మీద ఉన్నది క్రాస్‌క్లైమేట్ 2, తడి రోడ్డు మీద బ్రేకు చాలా బాగుంటుంది, కాకపోతే పాతబడేకొద్దీ హోరు పెరిగింది, మైలేజీ కూడా కాస్త తగ్గింది. దాని గీతలు వి ఆకారంలో ఉండి ఒకే దిక్కుకి తిరగాలి, సైడ్‌వాల్ మీద బాణం ఉంటుంది, షాపు లోంచి బయటికి రాకముందే నాలుగు బాణాలూ ముందుకే ఉన్నాయో లేదో చూసుకోండి.

అసలైన వింటర్ టైర్లు ఎవరికంటే, తెల్లవారుజామున ప్లౌ రాకముందే డ్యూటీకి పోవాల్సిన నర్సులూ డాక్టర్లూ, గ్రాండ్ ర్యాపిడ్స్, కలమజూ వైపు లేక్ ఎఫెక్ట్ (సరస్సు మీంచి వీచే గాలి తెచ్చే) మంచులో రోజూ తిరిగేవాళ్ళు, మట్టి రోడ్డు చివర ఇల్లున్నవాళ్ళు. రేపు మీరు ఇల్లు కొని గరాజ్ వచ్చాక అప్పుడు ఆలోచించండి. బ్లిజాక్, మిషెలిన్ ఎక్స్-ఐస్ స్నో, హక్కపెలిట్టా, అన్నీ మంచివే. చవక స్టీలు రిమ్ములకి విడిగా బిగించి పెట్టుకుంటే ఏటా రెండుసార్లు టైరు విప్పి ఎక్కించే ఖర్చు ఉండదు. 205/55ఆర్16 సైజు (చివరి అంకె రిమ్ము అంగుళాలు) టైర్లు వచ్చే కరోలాకి 195/65ఆర్15 ఎత్తులో దాదాపు సమానం, సన్నగా ఉండటం మంచులో దిగడానికి మేలు, ఇక్కడి మార్చి గుంతల్లో రిమ్ము వంగకుండా సైడ్‌వాల్ కాపాడుతుంది కూడా. కానీ మీ మోడల్ బ్రేకు క్యాలిపర్‌కి (చక్రం లోపల బ్రేకు పట్టే భాగం) 15 అంగుళాల రిమ్ము తగలకుండా పడుతుందో లేదో షాపువాణ్ణి అడిగాకే కొనండి.

గాలి విషయం. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గేకొద్దీ గాలి సుమారు 1 పీఎస్ఐ పడిపోతుంది. సెప్టెంబర్‌లో 70 ఉన్నప్పుడు కొట్టించిన గాలి జనవరిలో 10కి వచ్చేసరికి ఓ ఆరు పీఎస్ఐ తగ్గుతుంది. డాష్‌బోర్డులో పసుపు లైటు వెలిగేదాకా ఆగకండి, కంపెనీ చెప్పిన గాలి కంటే పావు వంతు తగ్గేదాకా అది వెలగకపోవచ్చు. ఎంత కొట్టించాలో డ్రైవరు డోరు తీస్తే స్తంభం మీద స్టిక్కరులో ఉంటుంది, టైరు మీద రాసి ఉన్న అంకె కాదు, అది గరిష్ఠ పరిమితి. పొద్దున బండి తియ్యకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు కొలవండి.

అక్టోబర్‌లోనే అపాయింట్‌మెంట్ తీసుకోండి. మొదటి మంచు పడ్డ మర్నాడు ఊళ్ళో ఉన్న టైరు షాపులన్నీ తిరునాళ్ళే, మీ సైజు స్టాకులో ఉండదు. బిగించాక ఒక 50 మైళ్ళు తిరిగి మళ్ళీ వెళ్ళి వీల్ నట్ల టార్క్ (బిగింపు) చూడమనండి, చాలాచోట్ల ఊరికే చూస్తారు. మీ కరోలా ఏ ఏడాదిదో, సైడ్‌వాల్ మీద సైజు, డాట్ చివరి నాలుగు అంకెలు ఏంటో రాస్తే, ఈ చలికాలం అవే సరిపెట్టొచ్చో లేదో చెప్తాను.